గుండిగల పంపకం

కామాటిపుర, బొంబాయి
12 జనవరి 1986

తమ్ముడు లస్మయ్యకు అక్క మల్లవ్వ దీవించి రాసేది.

నీ మోకాలికి నూనె రాస్తలేవని నీ పెండ్లాం పెంటమ్మ ఊరి నుంచి వచ్చినోళ్లతోని చెప్పి పంపింది. పదిహేడేండ్ల కింద పోలీసోడు కొట్టిన దెబ్బను ఇంకా మెడల్ లెక్క దాసుకుంటవా? పట్టుబట్టి కుంటుతున్నవు. రాసుకో.

నువ్వు రాసే ఉత్తరం నా ఒక్కదానిది కాదని నీకు ఎర్కనే. ఆదివారం పొద్దుగాల పోచమ్మ గుడికాడ నలభై మంది కూసుంటరు. ఇక్కడ పుట్టినోళ్లంత మరాఠీ బడిల చదివినోళ్లాయె, తెలుగు అచ్చరం రాదు. మీ బావకు గూడ రాదు. వచ్చినోళ్లల్ల సగం మందికి ఏ అచ్చరమూ రాదు. నేనే గొంతెత్తి చదువాలె. పోయినసారి ఎవరి బోరు ఎండిందో రాయకుంట ఎగబెట్టినవు. వెంకటమ్మ వారం దినాలు నన్నే తిట్టింది, నేనే మింగినట్టు.

ఇప్పుడు అసలు ముచ్చట. మా కులపోళ్ల పంచ్‌ల నూట నలభై ఇండ్లు. పెండ్లయినా సావైనా బువ్వ ఉడికేది పంచ్ గుండిగలల్లనే. తొమ్మిది గుండిగలు, గంటెలు, వానకు మీద కట్టే పెద్ద తాడిపత్రి, అవన్ని పెట్టేతందుకు ఒక ఖోలీ. పంచ్ పెద్ద మీ బావ. మా అత్త శాంతాబాయి కాలం చేసినకాడికెల్లి మొదటి గుండిగ కింద పొయ్యి ముట్టించేది నేను. ఇరవై రెండేండ్లాయె. జ్వరమొచ్చినా లేసి పోయిన. ఇంత పెద్ద బొంబాయిల నాకున్న ఇజ్జత్ అదొక్కటే, నాకు అది మస్తు.

ఇప్పుడు దాంట్ల కిరికిరి మొదలైంది. మనోళ్లకు గుండిగలు ఆఖరుకు ఇస్తున్నరు. బంతిల గూడ రెండోసారే కూసుండబెడుతున్నరు. ఇన్నేండ్లల్ల పంచ్‌ల ఒక్కసారన్నా మనోళ్ల మాట నడువలే. ‘ఇగ మేం వేరు పడ్తం, మా పాలు మాకు పంచుండ్రి’ అంటున్నరు. వద్దనేటోళ్లు వద్దంటున్నరు. నువ్వు అసొంటి లొల్లిల తిరిగి జైలుకు పోయి వచ్చినోనివి. ఏం చేస్తె బాగుంటదో రాయి. మీ బావ పక్కన్నే కూసోని ‘ఏం రాసినవో చదువు’ అని పానం తీస్తున్నడు. ఇంతకన్న రాయ.

మీ అక్క
మల్లవ్వ


రాళ్లకుంట, పాలమూరు జిల్లా
27 జనవరి 1986

అక్కకు, బావకు, గుడికాడ కూసున్న పెద్దలందరికి లస్మయ్య శనార్థులు.

ముందుగాల ఊరి సంగతి. వెంకటమ్మకు చెప్పు, ఎండింది వాళ్ల బోరే. పెద్దయ్య ఎడ్లను అమ్ముకున్నడు. కిష్ట నది మనకు పన్నెండు మైళ్లల్ల పారుతది, తాగనీకి కుంటల బురద నీళ్లు. మన జిల్లా మట్టి తీసేటోళ్లు దేశమంత కట్టలు కట్టిరి, మన చెలుకకు మాత్రం తడి లేదు.

అక్కా, నీ ఉత్తరం చదివినకాడికెల్లి నా నెత్తురు సలసల మరుగుతున్నది. బొంబాయి పోయినా మనకు రెండో బంతేనా? దాదర్ దిక్కుండే కోస్తా చదువులోళ్లు వచ్చి మీ పంచ్‌ల గూడ పెత్తనం చేస్తున్నరని నాకు సమజయింది. ఎక్కడికి పోయినా వాళ్లు కుర్చీ మీద, మనం కింద. మా మండలాఫీసుల గుమస్తా కొలువు నాకు రావాల్సిందని నీకు ఎర్కనే గదా. పక్క జిల్లావోడు దొంగ సర్టిఫికెట్ పట్టుకొచ్చి కూసున్నడు. నేను ఈ వయసుల వానికి చాయ్ తెచ్చి ఇస్తున్న.

అయితే ఒక మంచి మాట. డిసెంబర్ ఆఖర్ల సర్కారు ఒక ఉత్తర్వు తీసింది. బయటికెల్లి వచ్చి మన కొలువులల్ల కూసున్నోళ్లను మార్చి నెల దాటకముందే వాళ్ల జాగలకు పంపుతరట. అందుకే చెప్తున్న, ఇది అడిగే కాలం. అడగందే అమ్మ గూడ పెట్టదు. రెండో బంతిల పాయసం తాగేకన్న సొంత చాప మీద ఎండు రొట్టె మేలు. వేరు పడుండ్రి. మీ పాలు మీరు తీసుకోండ్రి.

కాని ఒక్కటి మరువకుండ్రి. మేము అరవైతొమ్మిదిల వేరే రాష్ట్రం కావాలని ఒర్రిఒర్రి గొంతు పోగొట్టుకున్నం గని, ఎవడు మనోడో ఎవడు కాడో గట్టిగ రాయించుకోలే. అక్కడ్నే మునిగినం. మీరు ముందుగాల కాయిదం మీద రాసుకోండ్రి. పంచ్ కొలువు ఎవరు చెయ్యాలన్నా పుట్టిన జాగ ఒక్కటే లెక్క. ఎన్నేండ్ల సంది ఉన్నరు, ఎవరికి చుట్టం, ఎవరింట్ల ఉంటున్నరు, ఇవేవి చూడొద్దు. అవి చూస్తె సందు దొరుకుతది, సందు దొరికితె ఒంటె మొత్తం లోపటికొస్తది.

బావా, నువ్వు పంచ్ పెద్దవు. భయపడకు, ముందల నడువు. నీ ఎనుక నేనున్న.

మీ తమ్ముడు
లస్మయ్య


కామాటిపుర
16 ఫిబ్రవరి 1986

లస్మయ్యకు.

దీవెన ఇయ్యాలంటె చెయ్యి లేస్తలేదు.

నీ ఉత్తరం నలభై మంది ముందల చదివిన. నువ్వు రాసింది చదువుకుంట పోతుంటె నోరు ముందల ఉరికింది, మనసు ఎనుకబడ్డది. ‘సొంత చాప మీద ఎండు రొట్టె’ అన్నకాడ చంద్రయ్య లేసి చప్పట్లు కొట్టిండు. ఎనుకనున్నోళ్లు ‘మల్లవ్వా, ఇంకోపారి చదువు’ అన్నరు. మీ బావ గడ్డం సగం గీసుకొని, సగం సబ్బుతోనే వచ్చి నిలబడ్డడు. ‘నీ ఎనుక నేనున్న’ అని నువ్వు రాసింది గూడ చదివిన. ఏం చెయ్యాలె, ఆగితే దాసిపెట్టిందంటరు.

ఓరి పిచ్చోడా, ఇక్కడ కోస్తావోడు ఒక్కడు లేడురా. మనోళ్లు అంటె మన పాలమూరోళ్లు. ఈ పదేండ్లల్ల వచ్చి వర్లిల, ఇక్కడ చాళ్లల్ల కిరాయి అర్రలల్ల దిగి, పొద్దుగాల నాకా చౌరస్తల నిలబడి కూలికి పోయేటోళ్లు. చంద్రయ్య మన పక్క ఊరోడే, నీతోని ఆడుకున్నోడే. వాళ్లను రెండో బంతికి నూకేది ఎవరనుకున్నవు? మీ బావ. మీ బావ తరఫోళ్లు. వందేండ్ల కింద అదే పాలమూరి నుంచి వచ్చి ఈ బొంబాయికి రాళ్లు మోసినోళ్ల మునిమనుమలు. ఆ సంగతి మీ బావ పక్కన్నే ఉండంగ ఎట్ల రాయను? సిగ్గయింది. రాయలే. నువ్వు కోస్తా నుంచి మనుషులను పట్టుకొచ్చి మా గల్లీల కూసుండబెట్టినవు.

నేను ఎందుకు రాసిన్నో తెలుసా? నువ్వంటె మీ బావకు గౌరవం. ‘వాళ్లను గూడ మొదటి బంతిల కూసుండబెట్టుండ్రి, అందరు కలిసుండుండ్రి’ అని నువ్వు ఒక ముక్క రాస్తె, అది చదివి ఆయన మెత్తబడతడని నా ఆశ. నువ్వేమో నిప్పు మీద కిరసనాయిల్ పోస్తివి. చంద్రయ్య ఆ ఉత్తరం నా చేతులకెల్లి తీసుకపోయి నకలు రాయించుకున్నడు. ఇప్పుడు అది వాళ్లకు చట్టం.

ఎంబడే ఇంకో ఉత్తరం రాయి. ‘నాకు సంగతి తెల్వక రాసిన, వేరు పడకుండ్రి’ అని రాయి. పంచ్ విరిగితే నా పొయ్యి ఏమైతదో ఆలోచించు. ఆలస్యం చెయ్యకు.

మల్లవ్వ


రాళ్లకుంట
4 మార్చి 1986

అక్కకు లస్మయ్య శనార్థులు.

తప్పు నాదే. సగం ఉత్తరానికి పూరా జవాబు రాసిన. పెంటమ్మ గూడ అదే అన్నది, అనుకుంట నవ్వింది.

కాని అక్కా, రాసిన మాట వాపస్ తీసుకొమ్మంటె నాతోని కాదు. మనుషుల పేర్లు మారినయి గని సంగతి మారలే గదా. రెండో బంతిల కూసున్నోనికి నూకినోడు కోస్తావోడయితేంది, సొంత బావయితేంది? ఆకలి ఒక్కతీరే ఉంటది. నువ్వు కోపం చెయ్యకుండ ఈ కింది ముక్క బావకు చదివి వినిపియ్యి.

బావా, నువ్వంటె నాకు పానం. నా లగ్గానికి నువ్వు తెచ్చిన గడియారం ఇంకా నడుస్తున్నది. అయినా చెప్తున్న. ‘అందరిది ఒక్కటే భాష, ఒక్కటే కులం, విడిపోవుడెందుకు’ అని నువ్వు అంటుంటవట. వచ్చిపోయేటోళ్లు చెప్పిన్రు. ఈ మాట నాకు పదిహేడేండ్ల కిందనే చెప్పిన్రు బావా. చెప్పినోడు మొదటి బంతిల కూసోని, మూతి తుడుసుకుంట చెప్పిండు. ‘మేం కట్టినం, మీరు ఎనుక వచ్చిన్రు’ అని గూడ అంటున్నవట. కట్టినోళ్లది ఒక తరం ముందు, గంతే. వాళ్లు మోసిందీ రాయే, వీళ్లు మోసేదీ రాయే. నువ్వు చంద్రయ్యోళ్లను పక్కన కూసుండబెట్టుకుంటె వాళ్లు వేరు పడతమని ఎందుకంటరు? కూసుండబెట్టుకోవు. విడిపోతమంటె వద్దంటవు. ఇదేం న్యాయం?

అక్కా, ఇగ నీకు. భయపడకు. పంచ్ రెండయితె ఏమైతది, నీ పొయ్యి ఏడికి పోతది? అటయినా ఇటయినా నిన్ను కాదనెటోడు లేడు. ఆ ఉత్తర్వు మీద ఇంకా ఎవ్వడు కదలలే. మా గుమస్తా కొత్త బూట్లు కొనుక్కున్నడు.

ఊర్ల ముత్తమ్మ ముసల్ది కాలం చేసింది. వర్లిల ఉన్న ఆమె కొడుకుకు చెప్పు, అన్ని మేమే చేసినమని, పరేషాన్ కావొద్దని.

మీ తమ్ముడు
లస్మయ్య


కామాటిపుర
20 ఏప్రిల్ 1986

తమ్ముడు లస్మయ్యకు అక్క మల్లవ్వ రాసేది.

నువ్వు అడిగినట్టే అయింది. నీ ముక్క మీ బావకు చదివి వినిపిచ్చిన. అంత విని, ‘మీ తమ్ముడు నన్ను మొదటి బంతికెల్లి లేపిండు’ అన్నడు. చెప్పులు తొడుక్కోని పోయి పంచ్ పిలిచిండు. ‘వేరు పడతమన్నరు గదా, పడుండ్రి’ అన్నడు. పంతం. కలిపితే ఎవరో చెప్తె కలిపినట్టయితదని, పంచిండు. మీ ఇద్దరి నడుమ నా మాట ఎవరికి పట్టింది?

పంపకం చూస్తె నీకు నవ్వొస్తుండె. నాకు రాలే. తొమ్మిది గుండిగలల్ల ఎనిమిదిని చెరి నాలుగు తీసుకున్నరు. పెద్ద గుండిగకు చీటీలు వేసిన్రు. గుండిగ చంద్రయ్యోళ్లకు పోయింది. ‘మూత సంగతి చీటీల లేదు’ అని మీ బావ తరఫోళ్లు మూత పట్టుకున్నరు. ఇప్పుడు వాళ్లది మూత లేని గుండిగ, వీళ్లది గుండిగ లేని మూత. తాడిపత్రిని కత్తెర పెట్టి నడుమకు కోసిన్రు. రెండు ముక్కలల్ల ఏది కట్టినా ఒక పెండ్లి మీదికి సరిపోదు, వానొస్తె పెండ్లిపిల్ల తడుస్తది. ఖోలీ నడుమ చెక్క కొట్టిన్రు. చెక్కకు ఆ దిక్కు కిటికీ లేదు, ఈ దిక్కు తలుపు లేదు. ఈ దిక్కోళ్లు కిటికీలకెల్లి గంటెలు అందుకుంటున్నరు. తెలివిగల్ల మొగోళ్లు అందరు గూడి చేసిన పని ఇది.

గంతటితోని పోలే. పంచ్ కొలువులు ఎవరెవరు చెయ్యాలని పట్టీ రాయబట్టిరి. చంద్రయ్య నీ ఉత్తరం నకలు తీసిండు. ‘పుట్టిన జాగ ఒక్కటే లెక్క’ అని చదివించిండు. వద్దంటరనుకుంటివా? మీ బావ తరఫోళ్లు వాళ్లకన్న ముందే ఒప్పుకున్నరు. అట్లయితె ఊర్ల పుట్టినోడు ఎన్నడూ ఈ పంచ్‌ల పెద్ద కాలేడు గదా, వాళ్లకు గూడ అదే కావాలె. ఇన్నొద్దులల్ల రెండు దిక్కులు కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటే.

పట్టీల అందరు మొగోళ్ల పేర్లే. ఆడదాని పేరు నాదొక్కటే, పొయ్యి ముట్టించేదానిగ. ‘మల్లవ్వ పుట్టిందెక్కడ’ అని అడిగిన్రు. నేను రాళ్లకుంట అన్న. అబద్ధం చెప్పాల్నా? ముప్పై ఏండ్ల సంది ఈ గల్లీల ఉన్న, ఇద్దరు పిల్లల్ని ఇక్కడ్నే కన్న, ఇద్దరిని ఇక్కడ్నే కాలపెట్టిన. అవేవి లెక్కల్లేవని నువ్వే రాసినవు. పేరు కొట్టేసిన్రు. నా జాగల మా ఆడిబిడ్డ రత్నాబాయిని రాసిన్రు. ఆమె ఇక్కడి దవాఖానల పుట్టింది గదా.

చంద్రయ్య దగ్గరికి పోయి ‘నేను మీ దిక్కేనా’ అని అడిగిన. ‘అక్కా, నువ్వు వస్తె కాళ్లు కడిగి కూసుండబెడతం. పొయ్యి మాత్రం మా ఇంటామెతోనే ముట్టిస్తం. నువ్వు ఆ పంచ్ పెద్ద పెండ్లానివి గదా’ అన్నడు. అక్కడ పుట్టిన జాగ అడ్డమొచ్చింది, ఇక్కడ మొగడు అడ్డమొచ్చిండు.

పేరు కొట్టేసేటప్పుడు మీ బావ ముందల్నే కూసున్నడు. ఇంటికొచ్చినంక అడిగితె ‘కానూను మీ తమ్మునిదే గదా, వాన్నే అడుగు’ అన్నడు. అందుకే అడుగుతున్న. చెప్పు.

మల్లవ్వ


రాళ్లకుంట
11 మే 1986

అక్కా,

నీ ఉత్తరం నాలుగు పార్లు చదివిన. జవాబు రాయబట్టి వారం దినాలాయె. రాస్తున్న, చింపుతున్న.

నిజం చెప్తున్న. ‘పుట్టిన జాగ ఒక్కటే లెక్క’ అని రాసేటప్పుడు నా కండ్ల ముందల నువ్వు లేవు. మా గుమస్తా ఉన్నడు. వాని కుర్చీ, వాని ఫ్యాను, నేను తెచ్చిన చాయ్ వాడు తాగే తీరు, అవే ఉన్నయి. వాన్ని ఎట్ల వెళ్లగొట్టాల్నో ఆలోచించి ఒక మాట కనిపెట్టిన. ఆ మాట రైలెక్కి వచ్చి నిన్ను పట్టుకున్నది. వానికి ఏం కాలే. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, ఒక్కడు కదలలే. వాడు ఇక్కడ్నే ఇల్లు కట్టుకుంటున్నడు. ఇన్నేండ్లల్ల నా మాట ప్రకారం జాగ ఖాళీ చేసింది లోకంల నువ్వొక్కదానివే.

ఇంట్ల పెంటమ్మ, తను పుట్టింది గూడ రాళ్లకుంటల కాదని యాదికి తెచ్చింది.

అయినా అక్కా, చంద్రయ్యోళ్లు వేరుపడుడు తప్పంటవా? నేను అనలేను. వాళ్లకు జరిగింది అన్యాయమే. నీకు జరిగింది గూడ అన్యాయమే. రెండూ నిజమైతె ఏం చెయ్యాల్నో నాకు ఎవరూ నేర్పలే. జైలుల గూడ నేర్పలే.

ఈ కింద సక్కగ రాస్తున్న. ఆదివారం అందరి ముందల గట్టిగ చదువు.

‘పంచ్ పెద్దలకు, చంద్రయ్యకు, కామాటిపుర, వర్లి చాళ్లల్ల ఉన్న మనోళ్లందరికి లస్మయ్య మొక్కి చెప్పుకునేది. జనవరిల నేను రాసిన కానూను తప్పు. పుట్టిన జాగ ఒక్కటే చూడొద్దు. చేసిన చాకిరి చూడాలె. ఎవరు ఎన్నేండ్లు ఎవరి పెండ్లికి, ఎవరి సావుకు లేసి వచ్చిన్రో చూడాలె. ఇరవై రెండేండ్లు పొయ్యి ముట్టించిన మనిషిని ఏడ పుట్టినవని అడుగుడు పాపం. ఆ పాపం నాది. మీరు మోయకుండ్రి.’

మీ తమ్ముడు
లస్మయ్య


కామాటిపుర
22 జూన్ 1986

తమ్ముడు లస్మయ్యకు అక్క మల్లవ్వ దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివిన. గట్టిగనే చదివిన. ఆ దిక్కోళ్లు ఆ దిక్కు, ఈ దిక్కోళ్లు ఈ దిక్కు కూసోని విన్నరు. చదువుడు అయినంక చంద్రయ్య లేసిండు. ‘అక్కా, మొదటి ఉత్తరం లస్మయ్యన్న జనం కోసం రాసిండు. ఇది అక్క కోసం రాసిండు. మేము మొదటిదే పాటిస్తం’ అన్నడు. మీ బావ తరఫోళ్లు తల ఊపిన్రు. నీకు జవాబు దొరుకుతె రాయి, లేకుంటె విడిసిపెట్టు.

జూన్ నెలల రెండు పెండ్లిండ్లు పడ్డయి, ఒకటి ఈ గల్లీల, ఒకటి వర్లిల చంద్రయ్య బిడ్డది. పెండ్లి రెండొద్దులు ఉందనంగ రత్నాబాయి మా ఖోలీకి వచ్చింది. గడపల్నే నిలబడి ‘వదినె, అమ్మ నీకు ఏం చెప్పి పొయ్యి ముట్టియ్యమన్నది’ అని అడిగింది. అత్త తన సొంత బిడ్డకు చెప్పలేదు తమ్ముడా. కోడలినని నాకు చెప్పింది. అది ఇంటి బిడ్డలకు చెప్పేది కాదట, బయటికెల్లి వచ్చినదానికే చెప్పాల్నట.

పో అనాలనుకున్న. పేరు కొట్టేసినప్పుడు ఈమె గూడ ఆడ్నే ఉండి చూసింది. కాని రెండొందల మంది బువ్వ. పెండ్లిపిల్లను నేను చేతులల్ల ఆడించిన. చెప్పిన.

పసుపు ముద్ద ఏ రాయికి ముందుగాల పెట్టాల్నో చెప్పిన. పోచమ్మ దీపంకెల్లి నిప్పు ఎట్ల తేవాల్నో చెప్పిన. తర్వాత గుప్పెడు బియ్యం తీసి పొయ్యిల వేసుకుంట, ఇంతకుముందు ముట్టించి పోయినోళ్ల పేర్లు మెల్లగ, నోట్లనే చెప్పాలె. లచ్చమ్మ, పోశమ్మ, లక్ష్మవ్వ, శాంతాబాయి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చిన్రని రత్నాబాయి అడిగింది. చెప్పుకుంట చెప్పుకుంట నాకే తెలిసింది. నలుగురు పాలమూరి నుంచే వచ్చిన్రు. మా అత్త గూడ శాంతమ్మగ వచ్చి ఇక్కడ శాంతాబాయి అయింది. వందేండ్లల్ల ఆ పొయ్యి ముట్టించినోళ్లల్ల ఒక్కతి గూడ బొంబాయిల పుట్టలే. మీ కానూను అప్పుడే ఉంటె ఈ గల్లీల ఒక్క పెండ్లి అయ్యేది కాదు. మీ బావ పుట్టేటోడే కాదు.

తెల్లారి చంద్రయ్య పెండ్లాం గూడ వచ్చింది, అదే అడగనీకి. ఆమెకు గూడ చెప్పిన, ఒక్క ముక్క తగ్గియ్యలే. పేర్లు చెప్పేకాడ ‘వాళ్లు మా పంచోళ్లు కాదు గదక్కా, మేమెందుకు చెప్పాలె’ అన్నది. నీ ఇష్టమన్న. గుండిగలు పంచిన్రు, తాడిపత్రి కోసిన్రు, ఇగ సచ్చినోళ్లను గూడ పంచుకోండ్రి అనుకున్న.

రెండు పెండ్లిండ్లు మంచిగనే అయినయట. నేను దేనికీ పోలే. మీ బావ ‘పోతే పో, ఎవరొద్దన్నరు’ అన్నడు. ఎవరొద్దనలే నిజమే. ఎవరు రమ్మనలే గూడ. నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. నీ మీద, మీ బావ మీద, చంద్రయ్య మీద. అందరికన్న ఎక్కువ నా మీద, అడిగిన ఎంబడే చెప్పినందుకు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతున్న. పొయ్యేటప్పుడు రత్నాబాయి గడపకాడ ఆగి, ‘వదినె, ఆ పేర్లల్ల నీ పేరు గూడ చెప్పాల్నా’ అని అడిగింది. ఆ పేర్లు సచ్చినోళ్లయి తమ్ముడా. బతికున్నోళ్లయి చెప్పరు. ఆమెకు తెల్వక అడిగింది. నేను చెప్పమన్న.

మీ అక్క
మల్లవ్వ